నాలుగో మూల

జనవరి 9

పెద్దమ్మకి,

నమస్కారం పైనే పెట్టేస్తున్నాను. ఉత్తరం చివరికి వచ్చేసరికి నా దగ్గర మర్యాద మిగలదు. ఫోనులో చెబుదామంటే నీ చెవికి సగం మాటలే చేరతాయి, ఆ సగంలో తిట్లే ముందు చేరతాయి. అందుకని రాస్తున్నాను.

బయటి పని నాకు రాలేదు.

నువ్వు మానేశాక మన కాటాల వర్క్‌షాపులో ఏం మారిందని అడుగుతావు కదా, ఏమీ మారలేదు. అదే కిటికీ లేని గది, అదే గుండ్రటి స్టూలు. నువ్వు కూర్చుని కూర్చుని పల్లం చేసిన చోటే నేనూ కూర్చుంటున్నాను. ఏడేళ్ళయింది. పాడైన కాటాలు లోపల కూర్చుని సరిచేసేది నేను. వాటిని దుకాణాలకీ ఆస్పత్రులకీ తీసుకెళ్ళి, బిగించి, నలుగురి ముందు తూచి చూపించి, 'బాగుందండీ' అనిపించుకునేది బయటి పనివాడు. పాత బయటి పనాయన మోకాళ్ళు అరిగి డిసెంబరులో మానేశాడు. ఇక ఆ పని నాదేనని వర్క్‌షాపులో అందరూ అనుకున్నారు. నేనైతే అనుకోవడం కూడా దాటి, వీధులు తిరగడానికి ఒక జత గట్టి బూట్లు కొనేసుకున్నాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు ఏదో అన్నట్టు.

సోమవారం పొద్దున పెద్దాయన అందరినీ పిలిచి, బయటి పని ఈలాయనకి ఇస్తున్నానన్నాడు. పెద్దాయనంటే నీ కాలంలో చిన్నాయన, పాత యజమాని కొడుకు. ఈలాయన నీకు తెలియదు. నాలుగేళ్ళ కిందట చేరాడు. పని చేస్తూ ఈల వేస్తాడు, అది ఏ పాటో ఆయనకే తెలియదు. నాకంటే అయిదేళ్ళు పెద్ద, నన్ను 'అక్కగారూ' అంటాడు. కాటాలో మర ఎటు తిప్పితే ముల్లు ఎటు కదులుతుందో ఆయనకి నేర్పింది నేను!

ఊరుకోలేదు. వెళ్ళి అడిగాను, నాకెందుకివ్వలేదండీ అని. "అన్నీ ఆలోచించే చేశానమ్మా. వీధులెంట తిరగడం, ఎవడి దుకాణంలోకో ఒంటరిగా వెళ్ళడం... నీ మంచి కోరేవాళ్ళు కూడా ఇదే అంటారు" అన్నాడు, నా మొహం చూడకుండా. నా మంచి కోరేవాళ్ళట! వాళ్ళెవరో ఒకసారి చూపిస్తే కాళ్ళకి దణ్ణం పెట్టి, ఆ కాళ్ళే పట్టుకుని లాగుతాను. ఆడదానివి కాబట్టి ఇవ్వలేదని ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాక, నా మంచిని అడ్డం పెట్టుకున్నాడు.

అమ్మకి చెప్తే, "పోనీలేవే, ఎండలో తిరిగే బాధ తప్పింది" అంది. నీ చెల్లెలు అలాగే అంటుందని నీకు తెలుసు. నీకైతే అర్థమవుతుంది. నిన్నూ ముప్పై ఏళ్ళు ఆ స్టూలు మీదే కూర్చోబెట్టారు కదా.

పెద్దనాన్న పళ్ళ సెట్టు వచ్చిందా?

నీ చేతి కింద పని నేర్చిన
మిరపకాయ

జనవరి 21

మిరపకాయ్,

ఉత్తరం అందింది. లోపల ఎంత ఘాటుందో కవరు చూడగానే తెలిసింది, స్టాంపు తలకిందులుగా అంటించావు.

పళ్ళ సెట్టు వచ్చింది. మీ పెద్దనాన్న దాన్ని రోజంతా గ్లాసులో ఉంచి, ఎవరైనా వస్తే పెట్టుకుంటున్నారు. పోస్ట్‌మాన్‌కి కూడా మర్యాద చేసి, పళ్ళు పెట్టుకునే తలుపు తీస్తున్నారు. తినేటప్పుడు మాత్రం తీసేస్తారు. ఇదేం చోద్యమండీ అంటే, "కొత్తవి కదా, అరిగిపోవూ?" అంటారు.

నీ సంగతి చదివి బాధేసింది. నీకు కన్నుంది, చెయ్యుంది. ఏడేళ్ళలో నువ్వు సరిచేసిన కాటా ఒక్కటి తిరిగి రాలేదు. అది నాకు తెలుసు, పెద్దాయనకీ తెలుసు. కానీ బయటి పని నువ్వనుకునేంత గొప్పదేం కాదే. ఏ దుకాణంలో ఎవడుంటాడో తెలియదు. లోపలి గదికి కిటికీ లేకపోతే మానె, తలుపు మన చేతిలో ఉంటుంది.

పెద్దాయన మీద మరీ అంత మండిపడకు. వాళ్ళ నాన్నలాంటివాడు కాదు. మనసులో చెడ్డ లేని మనిషి. ఆయనకున్న జబ్బల్లా ఒకటే, పదిమందిని అడిగితే తప్ప అడుగు వేయడు.

పని మాత్రం జాగ్రత్త. నీకు వందసార్లు చెప్పిందే మళ్ళీ చెప్తున్నాను. తూకం రాయి పళ్ళెం మధ్యలో పెడితే ఏ కాటా అయినా నిజమే చెప్తుంది. రాయిని మూలకి జరిపినప్పుడు దాని అసలు సంగతి బయటపడుతుంది. నాలుగు మూలల్లోనూ ఒకే అంకె చూపిస్తేనే మూత వేసి నీ గుర్తు కొట్టు. నా మూడు చుక్కలు ఇంకా ఎన్ని కాటాల మూతల్లో ఉన్నాయో! ఎవరూ చూడరు. చూడకపోయినా ఉన్నాయి.

మీ అమ్మని మోకాలికి ఆ నూనె రాసుకోమను. వంకలు పెడుతుంది, వినకు.

మీ పెద్దమ్మ

ఫిబ్రవరి 11

పెద్దమ్మకి,

నేను మారిపోయాను. చూస్తే గుర్తుపట్టవు. అయిదింటికి గంట కొట్టీ కొట్టకముందే నా సంచీ భుజాన ఉంటోంది. పొద్దున కూడా గంట కొట్టాకే గడప తొక్కుతున్నాను. ఇదివరకు అరగంట ముందే వెళ్ళి బల్ల తుడిచి, రాళ్ళు వరసలో పేర్చుకునేదాన్ని. ఇప్పుడా రాళ్ళ మీద దుమ్ము నీ వేలితో నా పేరు రాసేంత ఉంది.

మొదటి వారం ఏడ్చాను. రెండో వారం ఆలోచించాను. ఇంత ప్రాణం పెట్టి ఎవరి కోసం చేస్తున్నాను? గుమ్మం దాటించడానికి పనికిరాని చెయ్యి, గదిలో ఉంటే మాత్రం బంగారమా? నన్ను ఎంతలో ఉంచారో, నేనూ నా పనిని అంతలోనే ఉంచుతున్నాను. రాయి మధ్యలో పెడతాను. ముల్లు చక్కగా నిలబడుతుంది. కాటాకి కట్టే కార్డు మీద నాలుగు మూలలకీ నాలుగు టిక్కులు పెట్టేస్తాను. మూత లోపల నా గుర్తు, రెండు గీతలూ కొట్టేస్తాను. ఒక్కో కాటాకి అరగంట మిగులుతోంది. ఆ అరగంట గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటున్నాను.

ఎవరూ తేడా కనిపెట్టలేదు. అదే ఇంకా మండుతోంది పెద్దమ్మా. ఏడేళ్ళు నేను కళ్ళు పొడుచుకుని చూసిన మూలలు ఎవరికీ అక్కర్లేదన్నమాట.

మొన్న ఒక ఆస్పత్రి నుంచి పసిపిల్లల కాటా వచ్చింది, తొట్టిలా పొడుగు పళ్ళెం ఉంటుందే, అది. దానికీ అదే మర్యాద చేశాను. ఈలాయన దాన్ని దుప్పటిలో చుట్టి, నిజంగా పసిబిడ్డనే ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, "అక్కగారూ, అక్కడ దీన్ని ఎలా బిగించాలో ఒక్కసారి చూపిస్తారా?" అన్నాడు. "బయటి సంగతులు నాకేం తెలుసండీ, నేను లోపలి మనిషిని" అన్నాను. మొహం చిన్నబుచ్చుకుని, ఈల కూడా వేయకుండా వెళ్ళాడు. ఆ పూట నాకు భోజనం బాగా సహించింది.

పెద్దనాన్న పళ్ళని అడిగానని చెప్పు.

నీ
మిరపకాయ

ఫిబ్రవరి 23

మిరపకాయ్,

నా కళ్ళజోడు కనపడక నీ ఉత్తరం మీ పెద్దనాన్నని పైకి చదవమన్నాను. గట్టిగా అరిచి చదువుతూ సగంలో ఆపేశారు. "ఇది నువ్వే చదువుకో" అని నా ఒళ్ళో పడేసి పెరట్లోకి వెళ్ళిపోయారు.

నీకు సిగ్గుగా లేదూ? చూడని మూలకి టిక్కు పెట్టడమేమిటి? దాన్ని బద్ధకమనరు, అబద్ధమంటారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. ఆ దుత్తలో పాలు ఎవరివో కూడా నీకు తెలియదు. నేను ముప్పై ఏళ్ళు ఆ స్టూలు మీద కూర్చున్నాను, నాకు కోపాలు రాలేదనుకున్నావా? కోపం వచ్చిన రోజు ఇంకో రెండుసార్లు ఎక్కువ చూసేదాన్ని.

ఇంకో మాట. మగవాడు తప్పు చేస్తే అది వాడొక్కడి తప్పు. మనం చేస్తే ఆడవాళ్ళందరి తప్పు. రేపు నీ వెనక ఇంకో అమ్మాయి ఆ వర్క్‌షాపుకి పని అడగడానికి వస్తే, ఆ అమ్మాయికి నీ కాటా చూపించి పంపించేస్తారు. అందుకని నోరు మూసుకుని పని చెయ్యి. పెద్దాయన ఎవరి మాటో విని చేసి ఉంటాడు. ఆయన్ని ఊరికే ఆడిపోసుకోకు.

ఆ పసిపిల్లల కాటా వెనక్కి తెప్పించి చూడు. ఈ ఉత్తరం అందిన రోజే చూడు.

మీ పెద్దమ్మ

మార్చి 4

పెద్దమ్మ గారికి,

'సిగ్గుగా లేదూ' అన్న దగ్గర ఆపి, ఉత్తరం మడిచి రెండు రోజులు పక్కన పెట్టాను. మూడో రోజు మిగతాది చదివాను. చదవకుండా ఉండాల్సింది.

పెద్దాయన తరఫున మీరు వకాల్తా ఎందుకు పుచ్చుకున్నారో నాకు అర్థం కాలేదు. నేను ఓదార్చమని రాస్తే, మీరు ఆయనకి మంచివాడని సర్టిఫికెట్టు రాసి పంపారు. 'నోరు మూసుకుని పని చెయ్యి' అన్న మాట ఆయన కూడా అనలేదు. మీరు ముప్పై ఏళ్ళు నోరు మూసుకున్నారు కాబట్టే ఇవాళ నాకు ఆ పల్లం పడిన స్టూలు మిగిలింది. దాన్ని ముద్దుపెట్టుకుని కూర్చోమంటారు.

పసిపిల్లల కాటా వెనక్కి తెప్పించలేదు. తెప్పిస్తే ఎందుకని అడుగుతారు. ఒక్కసారి మూలలు చూడనంత మాత్రాన కొంపలేం మునగవు.

అమ్మ మోకాలు అలాగే ఉంది. నూనె వాసన పడదంటోంది.

ఇట్లు
మీ చెల్లెలి కూతురు

మార్చి 20

మిరపకాయ్,

'మీ చెల్లెలి కూతురు' అని సంతకం పెట్టావు. 'మీరు' అన్నావు. నువ్వు నాలుగేళ్ళప్పుడు నా చీర కొంగు నోట్లో పెట్టుకుని నమిలినదానివి, నన్ను మీరంటే ఎవరినో అంటున్నావనుకుని వెనక్కి తిరిగి చూశాను.

సిగ్గు లేదా అని నిన్ను అడగడానికి నేనెవరిని? ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మూలల మాట మాత్రం తీసుకోను.

నీకు ఒక సంగతి చెప్పాలి. జనవరిలోనే చెప్పాల్సింది. రాద్దామని కూర్చుంటాను, పళ్ళ సెట్టు గురించి రాసి లేస్తాను. ఒకసారి వచ్చి పో. ఎదురుగా ఉంటే చెప్పగలనేమో.

మీ పెద్దనాన్న నిన్న పళ్ళు పెట్టుకుని మొదటిసారి భోంచేశారు. ఏమిటీ విశేషం అంటే, "నువ్వు దిగులుగా ఉన్నావు కదా, నవ్వుతావేమోనని" అన్నారు.

పెద్దమ్మ

ఏప్రిల్ 2

పెద్దమ్మా,

నువ్వు చెప్పాలన్న సంగతి ఏమిటి? ఒంట్లో బాగాలేదా? చెవికి ఆపరేషన్ అన్నారా? దాచకుండా రాయి. నేను ఇప్పుడు రాలేను. ఎందుకో చదివితే నువ్వు నన్ను రమ్మనవు కూడా.

ఆ పసిపిల్లల కాటా తిరిగి వచ్చింది.

ఆస్పత్రి నర్సమ్మే దాన్ని ఆటోలో పెట్టుకుని వచ్చి, పెద్దాయన బల్ల మీద దించి, అందరూ వినేలా చెప్పింది. బిడ్డ తల గోడ వైపు పెట్టి పడుకోబెడితే కాటా సరిగ్గానే చూపిస్తోందట. తల కిటికీ వైపు పెడితే మూడు వందల గ్రాములు తక్కువట. రోజూ ఎంతమంది బిడ్డలు వస్తారు, ఎవరిని ఎటు పడుకోబెట్టారో ఎవరికి గుర్తుంటుంది? కానీ ఒక బిడ్డ ఉన్నాడట, వెలుతురు కనపడకపోతే ఏడుపు అందుకుంటాడట. వాణ్ణి వచ్చినప్పుడల్లా తల కిటికీ వైపే పెట్టారు. పెరగాల్సిన బిడ్డ తగ్గాడని వాడి కార్డులో రాశారు.

ఆ తల్లి బట్టల కంపెనీలో గుడ్డ కత్తిరించే పని చేసేదట. అక్కడ కత్తెర ఎప్పుడూ మగవాళ్ళదేనట, ఆడమనిషి చేతికి రావడం ఈమెతోనే మొదలట. 'పని పనంటూ బిడ్డ కడుపు ఎండగడుతున్నావు' అని ఆస్పత్రిలోనూ అన్నారు, ఇంట్లోనూ అన్నారు. నర్సమ్మ తనూ అన్నానని చెప్పి కళ్ళు తుడుచుకుంది. ఆ తల్లి పని మానేసింది.

చివరికి కనిపెట్టింది కూడా ఆమే. పోయిన వారం విసిగిపోయి, "ఈసారి అటు తిప్పి పడుకోబెట్టండి, ఏడిస్తే ఏడవనీ" అందట. తిప్పగానే బిడ్డ మూడు వందల గ్రాములు పెరిగాడు.

గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే భుజాలు తడుముకుంటున్నాను. కానీ నా వైపు ఎవరూ చూడలేదు. పెద్దాయన కాటా మూత కూడా విప్పలేదు. "లోపల చూడక్కర్లేదు. ఆ పిల్ల సరిచేసిన కాటా ఏడేళ్ళలో ఒక్కటి తిరిగి రాలేదు. తప్పు బయటే జరిగింది" అని ఈలాయన వైపు తిరిగాడు. నన్ను నమ్మడని నేను పని చెడగొడితే, ఆయన ఇంత నమ్మకం పెట్టుకుని కూర్చున్నాడు.

ఈలాయన తల వంచుకుని, "వీధి మలుపులో బండి గుంతలో పడింది సార్. దుప్పటి చుట్టాను గానీ, దెబ్బ తగిలే ఉంటుంది" అన్నాడు. తప్పు తనదేనని నిజంగా నమ్ముతున్నాడు పెద్దమ్మా! పదిహేనో తారీఖు దాకా చేసి వెళ్ళిపొమ్మన్నారు.

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఇంకా సిగ్గుమాలిన మాట చెప్పనా? ఆయన వెళ్ళిపోతే బయటి పని నాకే వస్తుందని ఒక ఆలోచన వచ్చింది. వచ్చింది పోలేదు, కాసేపు కూర్చుంది. నేనూ లేచి పొమ్మనలేదు.

ఇదంతా పెద్దాయన వల్లే కదా? ఆ పని నాకే ఇచ్చి ఉంటే నేను మూలలు వదిలేదాన్నా? ఆ ఒక్క మాట నువ్వను, చాలు. అను పెద్దమ్మా.

మిరపకాయ

ఏప్రిల్ 8

తల్లీ,

నా ఒంట్లో బాగానే ఉంది. మీ పెద్దనాన్న పళ్ళూ బాగానే ఉన్నాయి. ఈసారి వాటి వెనక దాక్కోను.

నువ్వు అనమన్న మాట నేను అనలేను. డిసెంబరులో పెద్దాయన నాకు ఉత్తరం రాశాడు. 'బయటి పనికి మీ పిల్లని పంపుదామనుకుంటున్నాను, మీరేమంటారు?' అని అడిగాడు. వద్దన్నాను. 'ఆడపిల్ల, వీధుల వెంట వద్దు బాబూ, లోపలే ఉంచండి, నేను చెప్పానని దానికి తెలియనివ్వకండి' అని రాశాను. నువ్వు కాళ్ళు పట్టుకుని లాగుతానన్న ఆ మంచి కోరే మనిషిని నేనే.

ఎందుకో చెప్తాను. దీన్ని సాకుగా తీసుకోకు. నన్నూ ముప్పై ఏళ్ళు కూర్చోబెట్టారని రాశావు. కాదు. నాకు ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు బయటి పని నాకూ ఇచ్చారు. నెల రోజులు చేశాను, ఎంత బాగుండేదో! ఒకరోజు ఒక ధాన్యం దుకాణంలో కాటా బిగిస్తుంటే, దుకాణదారు వెనక నుంచి షట్టరు దించేశాడు. నా చేతిలో రెండు కిలోల రాయి ఉంది. వాడి మోకాలి మీద వేసి, షట్టరు ఎత్తుకుని పరిగెత్తాను. అంతకు మించి ఏమీ జరగలేదు. కానీ ఎవరికీ చెప్పలేదు. చెప్తే నన్నే ఏదో ఒకటి అంటారని భయం. రాయి పారేసుకున్నానని అబద్ధమాడి, 'బయటి పని నాకొద్దండీ, లోపలే హాయిగా ఉంది' అన్నాను. అప్పటి యజమాని పకపకా నవ్వి, "చూశారా, ఇస్తే మాత్రం ఆడవాళ్ళు చేస్తారా?" అన్నాడు. నేనున్నన్నాళ్ళూ ఆ మాటే ఆ వర్క్‌షాపులో చట్టం. ఆ చట్టానికి సంతకం నాది.

నిన్ను కాపాడుతున్నాననుకున్నాను. ఆ షట్టరు దించినవాడికి పడాల్సిన శిక్ష తెచ్చి నీకు వేశాను. జనవరి నుంచీ నువ్వు పెద్దాయన్ని తిట్టిన ప్రతి తిట్టూ నా గుమ్మంలోనే పడింది. నేను తలుపేసుకుని లోపల నుంచి నీకు మూలల గురించి పాఠం చెప్పాను. నీ ఉత్తరంలో ఆ తల్లి సంగతి చదివాకే ఇవాళ కలం పట్టుకున్నాను.

మీ పెద్దనాన్నకి ఆ దుకాణం సంగతి ఇవాళే చెప్పాను. ఆయన పళ్ళు తీసి గ్లాసులో పెట్టి, "ఇన్నేళ్ళూ నా పక్కనే ఉన్నావు కదే" అన్నారు.

పెద్దాయనకి ఇందాకే ఉత్తరం రాశాను, నేను చెప్పింది తప్పని. ఈలాయన గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. అది నీది. చెప్పెయ్యమని చెప్పడానికి నాకు మొహం లేదు తల్లీ. చెప్పకుండా ఉంటే ఎలా ఉంటుందో మాత్రం చెప్పగలను. మొదట్లో కష్టంగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. నాకు అలవాటైపోయింది.

పెద్దమ్మ

ఏప్రిల్ 19

పెద్దమ్మకి,

నీ ఉత్తరానికి రెండు జవాబులు రాసి రెండూ చింపేశాను. మొదటి దాంట్లో నిన్ను తిట్టాను, రెండో దాంట్లో క్షమించాను. రెండూ అబద్ధంలాగే అనిపించాయి. నీ మీద కోపం ఉంది. ఎన్నాళ్ళుంటుందో తెలియదు. ఆ దుకాణంలో ఇరవై ఎనిమిదేళ్ళ నిన్ను తలుచుకుంటే ఏడుపు వస్తుంది, ఆ వెంటనే మళ్ళీ కోపం వస్తుంది. జరిగింది మాత్రం చెప్తాను.

నీ ఉత్తరం చదవగానే నాకు మొదట హాయిగా అనిపించింది. తప్పు మోయడానికి ఇంకొకరు దొరికారు కదా అని. ఆ హాయి ఒక పూట ఉంది. మర్నాడు ఈలాయన నా స్టూలు దగ్గరికి వచ్చి, "అక్కగారూ, వెళ్ళే ముందు ఒకటి అడగాలండీ. బండి గుంతలో పడితే కాటాలో ఏ మూల దెబ్బతింటుంది? ఇంకెక్కడైనా పని దొరికితే ఈసారి జాగ్రత్తగా ఉంటాను" అన్నాడు.

అప్పుడు లేచాను. ఆ కాటా ఇంకా పెద్దాయన గదిలోనే ఉంది. ఈలాయన్ని కూడా రమ్మన్నాను. నేనే మూత విప్పి, లోపల నా రెండు గీతలు చూపించాను. రాయి తీసి ఒక్కో మూలలో పెట్టాను. మూడు మూలలు సరిగ్గా చూపించాయి. నాలుగో మూలలో ముల్లు మూడు వందలు వెనక్కి జారింది. దాని కింద మర సగమే బిగించి ఉంది. "ఇది గుంత చేసింది కాదండీ. నేను చూడలేదు. చూసినట్టు టిక్కు పెట్టాను. బయటి పని ఇవ్వలేదన్న కోపంతో పెట్టాను" అన్నాను.

పెద్దాయన అరిచి ఉంటే బాగుండేది. సొరుగులోంచి నీ ఉత్తరం తీసి చూసి, మళ్ళీ లోపల పెట్టాడు. "ఒకే ఇంటివాళ్ళు ఇద్దరూ" అన్నాడు. సొరుగు మూసి, "ఈలాయన తర్వాతైనా నిన్నే పంపుదామనుకున్నానమ్మా. ఇప్పుడు ఎవరైనా ఆడపిల్ల పని అడిగితే నేనేం అనుకోవాలి?" అన్నాడు. నీ వెనక వచ్చే అమ్మాయికి నీ కాటా చూపిస్తారని రాశావు చూడు, అది నా ముందే జరిగింది. ఆ మాట తప్పని గట్టిగా అనాలనుకున్నాను. నా చేతిలో ఇంకా ఆ రాయే ఉంది. అనలేకపోయాను.

ఈలాయన పని నిలబడింది. నన్ను 'అక్కగారూ' అనడం మానేశాడు. నన్ను కాటాల మీంచి తీసేశారు. ఆరు నెలలు పాత పళ్ళేలు రుద్ది రంగు వేయాలి. వేస్తున్నాను. అంచుల దాకా వేస్తున్నాను.

ఆ ఒక్క కాటా మాత్రం నన్నే సరిచేయనివ్వమని, నన్నే తీసుకెళ్ళనివ్వమని అడిగాను. ఒప్పుకున్నాడు. బూట్లు పెట్టెలోంచి తీశాను. మొదటిసారి కదా, రెండు వీధులు దాటేసరికి మడమ కరిచాయి. ఏడేళ్ళు నేను కలలుగన్న బయటి పని అదీ పెద్దమ్మా, కుంటుకుంటూ వెళ్ళాను.

నర్సమ్మ ఆ తల్లిని పిలిపించింది. నాకంటే చిన్నది. బొటనవేలి మీద కత్తెర పట్టి పట్టి కాచిన కాయ ఇంకా ఉంది. చెప్పాల్సింది చెప్పాను. ఆమె నా మొహం చూస్తూ, "మీరా దీన్ని సరిచేసింది? ఆడమనిషా?" అంది. అవునన్నాను. "ఎవడో మగవాడు అయ్యుంటాడనుకున్నానండీ. బిడ్డ బరువంటే ఏమిటో వాడికేం తెలుసులే అని మూడు వారాలుగా వాణ్ణి తిట్టుకున్నాను" అంది.

అంతే అంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే పడేదాన్ని.

ఆ కత్తెర పని ఇంకొకరికి ఇచ్చేశారట. పిల్లలున్న ఆడవాళ్ళకి ఇవ్వకూడదని ముందే అనుకున్నాం, ఇప్పుడు రుజువైంది అన్నారట. వాళ్ళ దగ్గరికి నేను వచ్చి తప్పు కాటాదని చెప్తానన్నాను. కాటాది అన్నానని నాకే వినబడి, 'తప్పు నాదని చెప్తాను' అని మార్చాను. "మీ ఇష్టం" అంది. సోమవారం వెళ్తున్నాను. వింటారో లేదో తెలియదు.

నన్ను ఒకసారి వచ్చి పొమ్మన్నావు. నేను రాను, నువ్వే రా. నీ ఉత్తరం పెద్దాయన సొరుగులో పడుకుని ఉంది, దాన్ని ఎవరూ వినరు. ఆ షట్టరు సంగతి అక్కడికొచ్చి నోటితో చెప్పు. అది విన్నాక కూడా, ఇస్తే మాత్రం ఆడవాళ్ళు చేస్తారా అని వాళ్ళ నాన్నలా ఆయన అనగలడేమో చూద్దాం. పెద్దనాన్నని కూడా తీసుకురా, పళ్ళు పెట్టుకునే రమ్మను.

ఆస్పత్రిలో ఆ తల్లి ముందే రాయి పెట్టాను. నాలుగు మూలలూ పెట్టాను. నాలుగుసార్లూ ముల్లు ఆమే చదివింది, నన్ను చదవనివ్వలేదు. తర్వాత బిడ్డని తల కిటికీ వైపు పెట్టి పడుకోబెట్టింది. వాడు వెలుతురు చూసి కాళ్ళు ఆడించాడు. బొద్దుగా ఉన్నాడు పెద్దమ్మా. మొదటి నుంచీ అలాగే ఉన్నాడట. ఆ అంకె కార్డులో ఆమే రాసుకుంది.

వాణ్ణి ఒకసారి ఎత్తుకోనా అని అడిగాను. వద్దంది.

మిరపకాయ